మామిడిపండు వదిలిన మామయ్యగారు

మొన్న వేసవిలో బెజవాడలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర తెల్లటోపీ పెట్టుకున్న కుర్రాడొకడు చిన్నరసం మామిడిపండుని బల్లమీద పెట్టి, చాకుతో చెక్కుతీసి, ముక్కలు కోసి, ఒక్కో ముక్కకీ పుల్ల గుచ్చి పళ్ళెంలో సర్దుతున్నాడు. రసమంతా బల్లమీంచి కారి వాడి జోళ్ళ మీద పడుతోంది. నా వయసుకి అంత వేగంగా లేవకూడదు గానీ, లేచాను. వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నాను.

"రసాన్ని కొయ్యకూడదు బాబూ, పాపం!" అన్నాను.

వాడు బిత్తరపోయాడు. ఇదేదో మడి వ్యవహారం అనుకున్నట్టున్నాడు. "వెజ్ చాకేనండీ అమ్మమ్మగారూ" అన్నాడు. మా కోడలు వచ్చి నన్ను మర్యాదగా వెనక్కి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

నిజానికి ఆ మాట నాది కాదు. ఆ చెయ్యి పట్టుకోవడమూ నాది కాదు. రెండూ మా పెద్దమామయ్యగారివి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ పెళ్ళిలో ఏం తిన్నానో గుర్తులేదు గానీ, ఇంటికొచ్చేదాకా ఆయన్నే తలుచుకుని నాలో నేను నవ్వుకుంటూ వచ్చాను.

ఆయన మావారికి పెదనాన్న. మావారి నాన్నగారు చిన్నతనంలోనే పోతే పెంచి పెద్దచేసింది ఈయనే. పిల్లలు లేరు. నూజివీడుకీ ఆగిరిపల్లికీ మధ్యన మా అత్తవారి ఊరు. నేను చింతలపూడి నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చింది యాభైల చివర్లో. వచ్చిన కొత్తలో ఆయన్ని చూస్తే నాకు హడలు. తిట్టేవారు కాదు, కొట్టేవారు కాదు. అసలు మాట్లాడేవారు కాదు. పెదవి విప్పితే అది మామిడిపండు కోసమే అయ్యుండేది.

ఆయన నాలుక మీద ఆ చుట్టుపక్కల అందరికీ గురి. కొత్త చెట్టు కాపుకొస్తే పండు తెచ్చి ఆయన ముందు పెట్టి నిలబడేవారు. ఆయన ఒక్క గుక్క పీల్చి, కళ్ళు మూసుకుని, ఒక మాట అనేవారు. "నీరు." "పీచు." "పరవాలేదు." అంతే. "పరవాలేదు" అనిపించుకున్నవాడు ఇంటికెళ్ళి భార్యచేత పాయసం వండించుకునేవాడు.

తోటలో ఒక పెద్దరసం చెట్టు ఉండేది. దానికి పేరే అయ్యగారి చెట్టు. ఊళ్ళో కాయలన్నీ అయిపోవచ్చాక పక్వానికొచ్చేది. ఆ పళ్ళు ఇంకొకరు తినడానికి వీల్లేదు. వరిగడ్డిలో మాగేసిన గదికి తాళం, తాళంచెవి ఆయన మొలతాడుకి. మధ్యాహ్నం భోజనమయ్యాక పెరటి వసారాలో పీట వేసుకుని, ఇత్తడి గంగాళంలో నీళ్ళు పోసి, అందులో పళ్ళు వేసి, తలుపు దగ్గరగా వేసుకునేవారు. ఆ గంటసేపూ ఇంట్లో గాజులు కూడా చప్పుడు కాకూడదు. నేను కొత్త కోడల్ని కదా, తెలియక ఒకసారి బావి దగ్గరికని అటు వెళ్ళాను. ఆయన నోట్లో పండుతో తలెత్తి చూసిన చూపుకి చేద అక్కడే వదిలేసి పారిపోయాను.

"అది తపస్సమ్మా! మధ్యలో వెళ్తే శాపాలు పెడతారు" అన్నారు మా పెద్దత్తయ్యగారు, నవ్వు ఆపుకుంటూ.

అత్తయ్యగారు నవ్వులో పుట్టిన మనిషి. అయితే ఆవిడకి కూడా ఒక బాధ ఉండేది. మా తోట పక్క తోట ఆవిడ పినతండ్రి కొడుకుది. ఒకే ఇంట్లో పెరిగారు. నేను రాకముందే మైలవరంలో ఏదో పెళ్ళిలో ఆ తమ్ముడి తోట పళ్ళు వడ్డించారట. మామయ్యగారు ఒకటి నోట్లో పెట్టుకుని, పంక్తి మొత్తానికీ వినపడేట్టు, "పండేనా ఇది, తాళ్ళు పేనుకునే పీచా?" అన్నారట. పక్కనే వడ్డిస్తున్న తమ్ముడు చేతిలో గంప అక్కడ పెట్టి పెళ్ళిలోంచి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ మాటల్లేవు. మధ్యలో ఉన్నది ముళ్ళకంచె ఒక్కటే. ఆ తమ్ముడి గొడ్డు మా తోటలోకి వస్తే, మామయ్యగారు మా పాలేరుతో, "పక్కతోటవాళ్ళకి చెప్పరా" అనేవారు. అటునుంచి కూడా అదే వరస. అత్తయ్యగారు కంచె దగ్గర నిలబడి తమ్ముడి వైపు చూసి, ఆయన మొహం తిప్పుకుంటే చెంగుతో ముక్కు చీదుకుని వచ్చేసేవారు. ఆ ఒక్క సంగతి మీద మాత్రం ఆవిడ హాస్యాలాడేవారు కాదు.

ఇహ ప్రయాణమంటే మామయ్యగారికి తలనొప్పి. బెజవాడ దాటి ఎరగరు. అత్తయ్యగారు కాశీ, కాశీ అని చెవిలో పోరుపెట్టేవారు. "గంగ ఎక్కడికీ పోదులే" అనేవారు ఈయన. పూతప్పుడు పూత అడ్డం, పిందెప్పుడు పిందె అడ్డం, కోతలప్పుడు సరేసరి. చివరికి ఒక వేసవిలో, కోతలన్నీ అయ్యాక, ఆవిడ అన్నం మానేసి కూర్చుంటే, ఒప్పుకున్నారు. నన్ను తోడు తీసుకెళ్ళారు. నేను పెళ్ళికి ముందు హిందీ పరీక్షలు రాసి ప్యాసయ్యాను. మా ఇంట్లో హిందీ వచ్చినది నేనొక్కదాన్నే. మావారు తోట చూసుకోవడానికి ఉండిపోయారు.

మామయ్యగారు ఒక పెద్ద గంప నిండా వరిగడ్డిలో తన చెట్టు పళ్ళు పేర్చుకుని, పైన గోనెపట్టా కుట్టించి, రైలెక్కారు. మూడో తరగతి పెట్టె. గంప తన కాళ్ళ మధ్య. బయటి తిండి ముట్టరు. అత్తయ్యగారు చేసిన పులిహోర, అరిసెలు, మధ్యాహ్నానికి తన పండు. పెట్టె నిండా జనం ఉన్నారని, తలుపు వేసుకోవడానికి లేదు గనక, తలమీద తువ్వాలు ముసుగులా కప్పుకుని ఆ గుడారంలో పండు జుర్రుకునేవారు. ఎదురు బల్లమీద పిల్లలు ఆ తువ్వాలు వంకే కళ్ళార్పకుండా చూసేవాళ్ళు. నాకు తలకొట్టేసినట్టుండేది.

ఇటార్సీలో బండి మారాం. అక్కడ మా ఎదురుగా ఒక ముసలి జంట ఎక్కింది. ఎడారి వైపు మనుషులు. ఆయనకి తలమీద ఇంత పాగా. ఆవిడకి మెడదాకా ముసుగు, చేతులనిండా దంతపు గాజులు. వాళ్ళదీ కాశీ ప్రయాణమే. నేను నా హిందీ అంతా కూడగట్టుకుని, పుస్తకంలో ఉన్నట్టే, తమరు ఏ గ్రామం నుంచి విచ్చేస్తున్నారని అడిగాను. ఆవిడ ముసుగులోంచి కాసేపు నావైపు చూసి, జాలిపడి, నాకు మంచినీళ్ళిచ్చింది. దాంతో నా పరీక్షల పరువు పోయింది.

ఆ మధ్యాహ్నం వడగాలికి పెట్టె ఇనుమంతా కాలిపోతోంది. మా కూజాలో నీళ్ళు అయిపోయాయి. అత్తయ్యగారు ఉన్నట్టుండి కళ్ళు తేలేసి పక్కకి ఒరిగిపోయారు. మామయ్యగారు లేచి నిలబడ్డారు గానీ, ఏం చెయ్యాలో తెలియక తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆ ముసలావిడ ఒక్క ఉదుటున ఇటొచ్చి, అత్తయ్యగారి తల తన ఒళ్ళో పెట్టుకుని, తమ చెంబులో నీళ్ళు మొహాన జల్లి, గొంతులో పోసి, తన ముసుగు కొంగుతోనే విసరడం మొదలుపెట్టింది. ఆ చెంబుడే వాళ్ళ దగ్గరున్న నీళ్ళు. ఎండ తగ్గేదాకా విసురుతూనే ఉంది. వాళ్ళ భాషలో ఏవో అంటూనే ఉంది. అత్తయ్యగారు కళ్ళు తెరిచి, తెలుగులో, "ఎవరి తల్లివమ్మా నువ్వు" అని ఏడ్చారు. ఆవిడకి అర్థమైనట్టే ఉంది, బుగ్గ మీద రెండు తట్టింది.

అప్పుడు మామయ్యగారు గంప వైపు చూశారు. గంపలో చెయ్యి పెట్టారు, తీశారు. మళ్ళీ పెట్టారు. ఆయన పడ్డ బాధ నా కళ్ళారా చూశాను. చివరికి ఒక పండు తీసి పాగా ముసలాయన చేతిలో పెట్టారు. ఇంకొకటి ఆవిడకిచ్చారు.

ముసలాయన పండుని అటూ ఇటూ తిప్పి, సంతోషించి, నడుం దగ్గరి చాకు తీశాడు.

మామయ్యగారు ఎగిరి పడ్డారు. "ఆగవయ్యా! రసాన్ని కొయ్యకూడదు, పాపం!" అని ఆయన చెయ్యి పట్టేసుకున్నారు. చాకు చూసి పెట్టెలో వాళ్ళంతా ఏదో కొట్లాట అనుకుని లేచి నిలబడ్డారు. ముసలాయన కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తున్నాడు. మామయ్యగారు చాకు పక్కన పెట్టించి, తనొక పండు తీసుకుని, అరచేతుల మధ్య పెట్టి, పసిపిల్లకి నలుగు పెట్టినట్టు మెల్లిగా పిసికి, తొడిమ దగ్గర కొరికి, మొదటొచ్చే జీడి సొన పిండి పారేసి, "ఇట్టా" అని చూపించారు. ముసలాయన అలాగే చేశాడు. ముసలావిడ కూడా ముసుగు లోపలే మొదలుపెట్టింది. రసం మోచేతి దాకా కారింది. రెండో చేతికి కారింది. ఇక లాభం లేదని ఆవిడ ముసుగు ఎత్తేసి నెత్తిమీద వేసుకుంది.

ఎన్ని ముడతలో ఆ మొహం నిండా! పళ్ళు రెండో మూడో ఉన్నాయి. రసం గడ్డం మీదికి కారుతోంది. కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి, మొగుడి వైపు చూసి, చిన్నపిల్లలా కిలకిలా నవ్వింది. మొగుడూ నవ్వాడు. మామయ్యగారు తన చేతిలో పండు అలాగే పట్టుకుని, నోరు తెరుచుకుని, ఆవిడ వంకే చూస్తున్నారు. పరాయి ఆడమనిషిని అట్టా చూడ్డమేంటని అత్తయ్యగారు అంత నీరసంలోనూ ఆయన్ని గిల్లారు. ఆయనకి తెలిసినట్టు లేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో నేను ఊళ్ళో చెబితే ఎవ్వరూ నమ్మలేదు. ఆయన గంపకి కుట్టిన పట్టా ఊడబెరికి, పెట్టెలో ఉన్నవాళ్ళందరికీ పళ్ళు పంచారు. పిల్లలకి, బీడీ తాగే ఆసామికి, టిక్కెట్లు చూడ్డానికి వచ్చిన ఉద్యోగికి. ఇచ్చి ఊరుకోలేదు. ఒక్కొక్కరి ముందూ నిలబడి, మొదటి గుక్క పీల్చేదాకా చూసి, అప్పుడు ఇంకొకరి దగ్గరికి వెళ్ళేవారు. వాళ్ళు ఇచ్చిన రొట్టె తిన్నారు, బఠాణీలు తిన్నారు. బయటి తిండి ముట్టని మనిషి! కాశీలో దిగేటప్పటికి గంపలో గడ్డి మాత్రం ఉంది. ముసలావిడ తను చీకిన టెంకని చెంగున కట్టుకుని, అత్తయ్యగారిని కావిలించుకుని, జనంలో కలిసిపోయింది. పేరు కూడా అడగలేదు మేము. అడిగినా నా హిందీకి జవాబొచ్చేదా!

కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలిపెట్టి రావాలి. ఇహ జన్మలో తినకూడదు. ఇష్టమైనదనే గానీ, మన వాళ్ళు తెలివైనవాళ్ళు కదా, తమకి పడనివన్నీ గంగలో వదిలేస్తారు. అత్తయ్యగారు ఇంటి దగ్గరే అనుకుని బయల్దేరారు. ఆవిడకి పనసతొన తింటే కడుపునొప్పి, అందుకని పనసపండు. నాకు కాకరకాయ పేరెత్తితే వాంతి, అందుకని కాకరకాయ. మామయ్యగారికి వెలగపండూ పొట్లకాయా అని ఆవిడే ఖాయం చేశారు.

మొలలోతు నీళ్ళలో నిలబడ్డాం. అక్కడ మన తెలుగు పురోహితుడే. మామయ్యగారిని, "ఏ కాయ వదులుతున్నారు?" అని అడిగాడు.

"పొట్లకాయండి."

"పండు?"

మామయ్యగారు గంగ వైపు కాసేపు చూశారు. "మామిడిపండండి" అన్నారు.

అత్తయ్యగారు ఉలిక్కిపడి, కాలు జారి, ఒక మునక వేసి లేచారు. నేను పట్టుకోకపోతే ఆ రోజే కైలాసం. పురోహితుడు మంత్రం ఆపేశాడు.

"తమరిది ఏ ఊరన్నారు?"

"నూజివీడు దగ్గరండి."

"మరొక్కసారి ఆలోచించుకోండి బాబూ. ఇక్కడ అంటే మళ్ళీ వెనక్కి తీసుకోవడానికి ఉండదు."

"ఆలోచించే చెప్తున్నానండి. కానివ్వండి."

తిరుగు ప్రయాణమంతా అత్తయ్యగారు ఏడుపూ తిట్లూ. ఎండదెబ్బ తనకి తగిలితే మతి ఈయనకి పోయిందన్నారు. ఊళ్ళో పెద్ద గోలయింది. అడిగినవాళ్ళకల్లా ఆయన ఒక్కో కారణం చెప్పేవారు. ఒకరితో అరగడం లేదన్నారు. ఒకరితో గంగమ్మ అడిగిందన్నారు. ఆవకాయ సంగతేంటని ఒకాయన పట్టుకుంటే, "పండు వదిలానయ్యా, కాయ కాదు. ఆవకాయ వదలమంటే గంగలో నేనే మునిగేవాణ్ణి" అన్నారు. ఆ రోజు మొదటిసారి ఆయన హాస్యమాడగా విన్నాను.

నాకు మాత్రం నిజం చెప్పారు. బెజవాడలో నూజివీడు బస్సు కోసం కూర్చున్నప్పుడు ధైర్యం చేసి అడిగాను. అప్పటికి ఆయనంటే భయం సగం పోయింది.

"ఇన్నేళ్ళూ తిన్నానే గానీ అమ్మాయ్, తినేవాళ్ళని చూళ్ళేదు. ఆ ముసలామె తింటుంటే నా చెట్టు పండు ఎట్టా ఉంటదో మొదటిసారి తెలిసింది" అన్నారు.

"చూడొచ్చు కదండీ మామయ్యగారూ, తింటూ కూడా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "నా చేతిలో పండుంటే మళ్ళీ తలుపేసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు."

మొదటి ఏడు బాగా యాతన పడ్డారు. మాగేసిన గదిలోంచి ఘుమఘుమలు వస్తుంటే ఇంట్లో నిలవలేక, గంప నిండా పళ్ళు పెట్టుకుని బస్సెక్కేసేవారు. పనేం లేదు. మైలవరం వెళ్ళి, గంప ఖాళీ అయ్యాక వచ్చేవారు. ఇంకోరోజు ఇంకో ఊరు. పక్కసీట్లో ఎవరుంటే వాళ్ళకి పండు. ఎవరి తాలూకు, ఎక్కడికి, ఎందుకని అడగడం, వాళ్ళు తింటుంటే చూడ్డం. కండక్టరు టిక్కెట్లు మానేసి పండు జుర్రుకుంటుంటే స్టేజీలు దాటిపోయేవి. మా నాన్నగారు కూతుర్నిచ్చిన ఇల్లు కదా అని జంకి ఏనాడూ మా గడప తొక్కేవారు కాదు. అలాంటిది ఒకరోజు మామయ్యగారే గంపతో చింతలపూడిలో బస్సు దిగి, "బావగారూ, పండు తినండి, చూస్తాను" అన్నారట. మా నాన్నగారు ఆ సంగతి చెప్పి చెప్పి మురిసిపోయారు. ఆ తర్వాత మా రెండిళ్ళ మధ్య రాకపోకలకి పండగలు అక్కర్లేకపోయింది.

తోటలోనూ అంతే. అయ్యగారి చెట్టుకి తాళం పోయింది. కోతకొచ్చిన వీరమ్మకి ఒకరోజు పండిచ్చి ఎలా ఉందని అడిగారు.

"తియ్యగుందండి."

"అది అందరూ అంటారు. ఎట్టా తియ్యగుంది?"

"పొద్దున్నుంచి ఎండలో గంపలు మోసిన నోటికి ఏదైనా తియ్యగానే ఉంటదండి అయ్యగారూ. నీడన కూకోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అప్పుడడగండి చెప్తాను" అంది వీరమ్మ.

అక్కడున్నవాళ్ళు గంపలు దించేసి చూశారు. మామయ్యగారు నవ్వి, ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం కోత ఆపించి, కుండలో నీళ్ళు పెట్టించి, అందర్నీ నీడన కూర్చోబెట్టి పళ్ళు పెట్టేవారు. తను ఎదురుగా పీట వేసుకుని ఒక్కొక్కరి మొహమే చూసేవారు. నా పెళ్ళయిన కొత్తలో వసారా తలుపు వేసుకున్న మనిషి ఈయనేనా అనిపించేది. మనిషి ఇంతలా మారతాడంటే నాకు ఎంత ముచ్చటగా ఉండేదో!

మరి పరీక్ష వచ్చిందెప్పుడంటే, అరవైల మధ్యలో. మోటారు షెడ్డు పక్కన ఆయన చేత్తో నాటిన మొక్క ఒకటుండేది. కాశీకి వెళ్ళకముందు తన చెట్టు టెంకే పాతారు. టెంక మొక్కకి తల్లి గుణం రావచ్చు, రాకపోవచ్చు. తల్లిని మించి పోనూవచ్చు. తిని చూస్తే గానీ తెలియదు. బిందెలతో నీళ్ళు మోసి పెంచారు దాన్ని. ఆ ఏడు మొదటిసారి పూసింది. గాలివానకి పిందెలన్నీ రాలిపోయి ఒకే ఒక్క కాయ నిలిచింది. దానికి గుడ్డ కట్టి, కాపలా కాసి, చిక్కం కట్టిన గెడతో తనే కోసి, మాగేశారు. పండింది. వాసనకి ఇల్లంతా తిరిగి చూసింది. ఆయన దాన్ని పళ్ళెంలో పెట్టుకుని, పొద్దున్నుంచీ వాసన చూడ్డం, పక్కన పెట్టడం, మళ్ళీ తియ్యడం. ఆ పండు రుచి తెలుసుకోవాలని ఆయనకి ఎంత ప్రాణం కొట్టుకుంటోందో చూసేవాళ్ళకే బాధగా ఉంది.

అత్తయ్యగారు ఆగలేకపోయారు. "పంతుల్ని అడిగానండి. దానికేదో ప్రాయశ్చిత్తం ఉందిట. ఒక్క చుక్క నాలిక మీద వేసుకోండి. మీరు నాటిన చెట్టండి."

"గంగలో నిలబడి ఇచ్చిన మాట అది."

"పోనీ నన్ను తిననివ్వండి, చెప్తాను."

"నువ్వు బాగుందనే అంటావు. అమ్మాయీ బాగుందనే అంటుంది. ఇంట్లోవాళ్ళు ఇంకేమంటారు?" అని, "బాగాలేదని సంతోషంగా చెప్పగలిగినవాడు కావాలి" అన్నారు.

అత్తయ్యగారు ఆయన మొహం వంక చూశారు. ఆయన భుజం మీద పైపంచె సర్దుకుని, పళ్ళెం చేతిలోకి తీసుకుని, కంచె వైపు నడిచారు. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. వెనకాలే మేమిద్దరం.

అత్తయ్యగారి తమ్ముడు తన తోటలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. కంచె సందులోంచి మేము రావడం చూసి లేచాడు. ఎదురు రాలేదు, వెళ్ళిపోనూలేదు. మామయ్యగారు ఆయన ముందు పళ్ళెం పెట్టారు.

"మొదటి కాపు. ఒక్కటే పండు. నేను తినకూడదు. ఈ చుట్టుపక్కల నా నాలిక తర్వాత నాలిక నీదే. తిని చెప్పు. ఎట్టా ఉంటే అట్టా చెప్పు, నలుగురిలో చెప్పినా సరే. ఆనాడు పెళ్ళిలో నేనన్నది తప్పు బావా. పీచున్నా అనకూడదు."

ఆ తమ్ముడు అక్క వైపు కూడా చూడలేదు. పండు తీసుకుని బరువు చూశాడు. వాసన చూశాడు. పాలేళ్ళు పని మానేసి కంచె అవతల, ఇవతల గుంపు కట్టారు. ఆయన అరచేతుల మధ్య పెట్టి నెమ్మదిగా పిసికి, తొడిమ దగ్గర కొరికి, జీడి పిండి, ఒక గుక్క పీల్చాడు. మామయ్యగారు మంచం ఎదుట నేలమీద గొంతుక్కూర్చుని ఆయన మొహంలోకి చూస్తున్నారు. రెండో గుక్క పీల్చాడు. కళ్ళు మూశాడు. కాసేపటికి తెరిచాడు.

"పీచు!" అన్నాడు, అందరికీ వినపడేట్టు.

అత్తయ్యగారు నా చెయ్యి వదిలేసి చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మామయ్యగారు పకపకా నవ్వారు. నవ్వి నవ్వి నేలమీద కూలబడ్డారు. "అబద్ధం! కళ్ళు మూతపడ్డాయి. చెవులు ఎర్రబడ్డాయి. గొంతు కింద నరం కొట్టుకుంది. ఇన్నేళ్ళ బట్టీ పండు తినేవాళ్ళ మొహాలు చూట్టమే నా పని, నా దగ్గరా నీ అబద్ధాలు?"

ఆయన కాసేపు బిగపట్టాడు గానీ, మీసాల కింద పెదాలు ఆగలేదు. "ఎన్నాళ్ళనుంచో దాచుకున్న మాట, ఒక్కసారి అననీవేంటి బావా!" అన్నాడు. అంటుంటే కళ్ళనీళ్ళొచ్చాయి. "పీచన్నమాటే లేదు. ఇట్టాంటి పండు నేను తినలేదు. తల్లి చెట్టు దీని ముందు దేనికీ పనికిరాదు. ఇదిగో, అక్కా, ఇట్రా. టెంకకి ఇంకా ఉంది, చూడు."

అత్తయ్యగారు వెళ్ళి తమ్ముడి పక్కన మంచం మీద కూర్చున్నారు. ఏడుస్తూనే టెంక అందుకున్నారు. నోట్లో పెట్టుకోగానే ఏడుపు ఆగిపోయింది. మామయ్యగారు ఇంకా నేలమీదే కూర్చుని, మంచం మీద పక్కపక్కనున్న ఆ రెండు మొహాల్నీ మార్చి మార్చి చూశారు. చూసి చూసి, తృప్తిగా, పైపంచె కొంగు తీసి మూతి తుడుచుకున్నారు.

"ఏం తిన్నారని తుడుచుకుంటున్నారు?" అన్నారు అత్తయ్యగారు, టెంక వదలకుండానే.

"ఇప్పుడేగా, మామిడిపండు తిన్నాను" అన్నారాయన.